డ్యూటీ చార్టులో మెషీన్‌కూ ఒక గడి

(డయాలసిస్ టెక్నీషియన్లు, స్టాఫ్ నర్సులు, బయోమెడికల్ ఇంజినీర్లు, ఆసుపత్రి నిర్వాహకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. సూపరింటెండెంట్ గారికి, డాక్టర్లకు, సిస్టర్లకు, టెక్నీషియన్లకు నమస్కారం. బయోమెడికల్ ఇంజినీర్లు చివరి వరుసలో కూర్చున్నట్లున్నారు. దయచేసి ముందుకు రండి. సిస్టర్ల పక్కన కూర్చోండి. ఈరోజు నేను చెప్పబోయేది మీరిద్దరూ కలిసి వింటేనే పనికొస్తుంది.

ఏ డయాలసిస్ యూనిట్‌కు వెళ్లినా రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకటి సిస్టర్ టేబుల్ మీద ఉంటుంది. ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ పేషెంటు అన్నది అందులో ఉంటుంది. రెండోది బీరువాలో ఉంటుంది. ఏ మెషీన్‌కు ఎప్పుడు సర్వీసు జరిగింది, ఎప్పుడు రిపేరు వచ్చింది అన్నది అందులో ఉంటుంది. మొదటి పుస్తకంలో మెషీన్ సంగతి ఉండదు, రెండోదానిలో పేషెంటు సంగతి ఉండదు. మేము కాలేజీల్లో చెప్పే ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పాఠం కూడా ఇలాగే ఉంటుంది. సేవా ప్రక్రియల విశ్లేషణ ఒక అధ్యాయం, పరికరాల నిర్వహణ ఎక్కడో చివర్లో ఇంకో అధ్యాయం. డయాలసిస్ వార్డులో మాత్రం ఆ రెండు అధ్యాయాలూ ఒకే మంచం దగ్గర కలుస్తాయి. ఆ రెండు పుస్తకాలనూ ఒకే కాగితం మీదకు తేవాలి. నేను అడగడానికి వచ్చింది అదొక్కటే.

లెక్కతో మొదలుపెడదాం. పది మెషీన్లున్న యూనిట్ అనుకోండి. రోజుకు మూడు షిఫ్టులు. సోమ, బుధ, శుక్రవారాలు ఒక బృందం. మంగళ, గురు, శనివారాలు ఇంకో బృందం. ఎంతమంది పేషెంట్లు? పది మూళ్లు ముప్ఫై, రెండు బృందాలు, 60 మంది. సరే, ఒక్క మెషీన్ మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారు? అవునమ్మా, ఆరుగురు. వారానికి ఒక్కొక్కరికి మూడు సార్లు, అంటే 18 సెషన్లు. మరి ఏడో నంబరు మెషీన్ ఆగినప్పుడు లాగ్‌బుక్‌లో ఏమి రాస్తున్నాం? 'మెషీన్ నం. 7, అలారం, కంపెనీకి తెలిపాం' అని. ఆ ఆరుగురి పేర్లు ఎక్కడైనా రాస్తున్నామా? రాయాలంటాను. పేర్లు రాసి చూడండి, మరుసటి రోజు ఫోను చేయాల్సింది ఆ రోజే చేస్తారు.

పేర్లతో పాటు వారం కూడా రాయండి. డాక్టర్ గారికి ఇది నాకంటే బాగా తెలుసు. శుక్రవారం డయాలసిస్ చేయించుకున్న మనిషి మళ్లీ సోమవారం వస్తాడు. వారంలో అతనికి అదే పెద్ద విరామం. శనివారం బృందానికి ఆ విరామం మంగళవారంతో ముగుస్తుంది. ఒంట్లో నీరు, పొటాషియం బాగా పేరుకునేది ఆ రెండు రోజుల ఖాళీ తర్వాతే. మరి సోమవారం ఉదయం మెషీన్ ఆగడం, బుధవారం ఉదయం మెషీన్ ఆగడం ఒకటేనా? రిపేరు పుస్తకంలో రెండూ ఒకే తీరుగా ఉంటాయి. పేషెంటుకు మాత్రం ఒకటి కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ముందు పేషెంటు నడిచే దారిని గీద్దాం. మీ దగ్గర చార్టులున్నాయి కదా, మధ్యలో అడ్డంగా ఒక గీత గీయండి. లిన్ షోస్టాక్ అనే ఆవిడ బ్యాంకులో పనిచేస్తూ 1980ల మొదట్లో ఈ పద్ధతి తెచ్చారు. సేవ ఎలా జరుగుతుందో ఇంటి ప్లాను గీసినట్టు కాగితం మీద గీయాలన్నారు. గీతకు పైన పేషెంటుకు కనిపించేవి, కింద కనిపించనివి.

పైన ఏమి రాస్తారు? 'రిజిస్ట్రేషన్' అని మొదలుపెట్టారు చూడండి, అందరూ అక్కడే మొదలుపెడతారు. ఉద్దానం వైపు ఒక ఊరి నుంచి పలాస యూనిట్‌కు వచ్చే పేషెంటును తలచుకోండి. అక్కడ 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఒకప్పుడు వాళ్లు ఇంకా దూరం వెళ్లేవారు. ఇప్పుడైనా తెల్లవారక ముందే లేవాలి, తోడుకు ఒకరు ఉండాలి, ఆ ఒకరు ఆ రోజు కూలి వదులుకోవాలి, ఆటో దొరకాలి. మీ రిజిస్టరులో ఆరు గంటలకు మొదలయ్యేది వాళ్లింట్లో నాలుగింటికే మొదలవుతుంది. చార్టులో మొదటి గడి అదే. తర్వాత బరువు చూడడం, బీపీ, మంచం, ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో సిద్ధం చేసిన రక్తనాళానికి) సూదులు, నాలుగు గంటల డయాలసిస్, సూదులు తీసి చేతిని నొక్కి పట్టుకోవడం, మళ్లీ బీపీ, మళ్లీ బరువు, బస్టాండు.

గీతకు కింద? నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు ఆన్ చేయడం, నీటిలో క్లోరిన్ పరీక్ష, బ్లడ్ లైన్లు, రక్తాన్ని వడకట్టే డయలైజర్‌ను ద్రవంతో నింపి సిద్ధం చేసే ప్రైమింగ్, డయాలసిస్ ద్రావణం కలపడానికి పార్ట్ ఎ, పార్ట్ బి క్యాన్లు పెట్టడం, మెషీన్ స్వీయ పరీక్ష, షిఫ్టు అయ్యాక క్రిములు పోయేలా మెషీన్ డిసిన్ఫెక్షన్, స్టోర్సు నుంచి సామాను తేవడం, ఆరోగ్యశ్రీ క్లెయిము అప్‌లోడ్ చేయడం. ఈ కింది గడుల్లో ఒక్కటి ఆలస్యమైనా పైన ఒక మనిషి బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఒక్క చోట ఆగుదాం. ఉదయం ఆరు గంటలు. పది మందినీ ఆరింటికే రమ్మన్నాం. ఎక్కించడానికి ఎంతమంది టెక్నీషియన్లున్నారు? ఇద్దరా? ఒక్కొక్కరిని ఎక్కించడానికి ఎంతసేపు? పావుగంట అనుకుందాం. మొదటి ఇద్దరికి ఆరుంపావుకు మొదలవుతుంది. తర్వాతి ఇద్దరికి ఆరున్నరకు. అలా పోతే చివరి జతను ముట్టుకునేసరికి ఏడవుతుంది, మెషీన్ తిరిగేసరికి ఏడుంపావు. ఆ ఇద్దరు ఆరింటి నుంచి ఎందుకు కూర్చున్నారు? వాళ్ల కోసం ఏ మెషీనూ సిద్ధంగా లేదు, ఏ చెయ్యీ ఖాళీగా లేదు. మరి ఏడింటికి రమ్మంటే ఏమవుతుంది? ఏమీ కాదు. ఒక్క సెషను కూడా తగ్గదు. ఇంట్లో ఇంకో గంట నిద్రపోతారు. దూరపు ఊళ్ల వాళ్లను చివరి జతల్లో వేయండి, దగ్గరి వాళ్లను మొదటి జతల్లో వేయండి. దీనికి ఆర్డరు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. రేపే చేయవచ్చు.

విడతలుగా ఎక్కిస్తే ఇంకో లాభం ఉంది, ఇంజినీర్లు వినండి. మొదటి జత పదీపావుకు పూర్తవుతుంది, చివరి జత పదకొండుంపావుకు. దింపడానికి పావుగంట, డిసిన్ఫెక్షన్‌కు అరగంట వేసుకోండి. పదీపావు నుంచి పదకొండున్నర వరకు టెక్నీషియన్లిద్దరి చేతులూ దింపే పనిలో ఉంటాయి. కాబట్టి రెండో షిఫ్టు మొదటి జతను పదకొండున్నరకు పిలవండి. పదకొండుకు పిలిచారో, ఆ అరగంట ఒక టెక్నీషియన్ ఇక్కడ సూది తీస్తూ అక్కడ సూది గుచ్చాలి. పొరపాట్లు జరిగేది అప్పుడే. అలా లెక్క వేస్తే ఆరు, పదకొండున్నర, సాయంత్రం ఐదు. చివరి మెషీన్ డిసిన్ఫెక్షన్ అయ్యేసరికి రాత్రి పదకొండు.

ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు వరకు. ఇందులో మెషీన్ సర్వీసుకు సమయం ఎక్కడుంది? చార్టంతా వెతకండి. లేదు. ఎక్కడా లేదు. కంపెనీ ఇంజినీరు మధ్యాహ్నం రెండింటికి వస్తాడు. అప్పుడు పది మెషీన్ల మీదా పది మంది ఉంటారు. 'సార్, తర్వాత రండి' అంటాం. అతను వచ్చినట్టు సంతకం చేయించుకుని వెళ్తాడు. కాగితం మీద సర్వీసు జరిగిపోతుంది. ఇది ఎవరి తప్పు? సిస్టర్ తప్పు కాదు, పేషెంటును మధ్యలో దింపలేదు కదా. ఇంజినీరు తప్పూ కాదు. పట్టికలో ఆ పనికి చోటే పెట్టలేదు. చోటు లేని పని ఎప్పటికీ జరగదు.

చోటు ఎలా తేవాలి? చాలా మంది ఒక మెషీన్‌ను స్పేరుగా పక్కన పెట్టమంటారు. అలా పెడితే ఆరుగురు పేషెంట్ల చోటు పోతుంది. బయట వెయిటింగ్ లిస్టు ఉన్నప్పుడు ఆ మాట ఎలా అంటాం? నేను అనలేను. నేను చెప్పేది వేరు. రోజూ మూడో షిఫ్టులో ఒక్క మెషీన్‌ను ఖాళీగా ఉంచండి. ఒకే మెషీన్‌ను కాదు, వంతుల ప్రకారం. రెండు బృందాలకూ మూడో షిఫ్టులో ఒక్కో గడి ఖాళీ, అంటే 60 మంది బదులు 58 మంది. ఇద్దరి చోటు మాత్రమే. దానికి బదులుగా వారానికి ఆరు ఖాళీ గడులు వస్తాయి, ఒక్కొక్కటి ఐదు గంటలకు పైనే.

ఆ ఆరు గడులను ఎలా వాడాలి? ఇందాక సోమవారం సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. సోమ, మంగళవారాల గడుల్లో సర్వీసు పెట్టకండి. అవి మనుషుల కోసం. సోమవారం ఉదయం ఏదైనా మెషీన్ మొరాయిస్తే ఆ పేషెంటును అదే రోజు సాయంత్రం ఆ గడిలోకి తేవచ్చు. అతని పెద్ద విరామం ఇంకో రోజు పెరగదు. బుధ, గురు, శుక్ర, శని గడులు మెషీన్ల కోసం. వారానికి నాలుగు మెషీన్లు, పది మెషీన్లకు రెండున్నర వారాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. కంపెనీ ఇంజినీరుకు నెల ముందే ఆ తేదీలు ఇవ్వండి. హెపటైటిస్ బి పాజిటివ్ పేషెంట్లకు కేటాయించిన మెషీన్‌ను ఈ వంతుల్లో కలపకండి. దాన్ని ఇంకొకరికి మార్చలేం, ఇంకొకదాన్ని దాని బదులు పెట్టలేం. దాని సర్వీసు ఆదివారం చేయించండి.

ఇప్పుడు ఒకరు చెయ్యెత్తారు. అడగండి సిస్టర్. 'ఇప్పటికే 60 మంది ఉన్నారు, ఎవరిని తీసేయాలి?' అంటున్నారు. ఎవరినీ తీయకూడదు. ఎవరికైనా ట్రాన్స్‌ప్లాంట్ జరిగో, వేరే ఊరికి మారో చోటు ఖాళీ అయినప్పుడు, మూడో షిఫ్టులో ఆ గడిని వెంటనే నింపకండి. అంతే. 'వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఏమి చెప్పాలి?' అది న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర ఓదార్పు మాటలు లేవు, ఒక లెక్క ఉంది. వినండి.

మీ పది మెషీన్లలో ఒక్కొక్కటి రెండు నెలలకోసారి ఆగుతుందనుకుందాం. అంటే నెలకు ఐదు రిపేర్లు. ఒక్కో రిపేరుకు ఆరు రోజులు పడుతుందనుకుందాం. ఐదు ఆర్లు ముప్ఫై. నెలలో 30 మెషీన్ రోజులు పోయాయి. నెలకు ఎన్ని రోజులు? ముప్ఫై. అంటే సగటున ఎప్పుడు చూసినా ఒక మెషీన్ మూలన పడి ఉంటుంది. మీకు పది మెషీన్లున్నాయని బోర్డు మీద రాసి ఉంది, నిజానికి మీకున్నవి తొమ్మిది. జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో దీన్ని గణితంతో నిరూపించారు. ఒక చోట సగటున ఎంతమంది ఉంటారంటే, వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణిస్తే వచ్చేంత. బ్యాంకు క్యూకూ అదే సూత్రం, ఓపీ హాలుకూ అదే, రిపేరు కోసం ఎదురుచూసే మెషీన్లకూ అదే.

ఇప్పుడు రిపేరు సమయాన్ని ఆరు రోజుల నుంచి రోజున్నరకు తగ్గించారనుకోండి. ఐదును ఒకటిన్నరతో గుణిస్తే ఏడున్నర. ముప్ఫైలో ఏడున్నర, అంటే పావు మెషీన్. ముప్పావు మెషీన్ మీకు తిరిగి వచ్చింది. టెండరు లేదు, కొత్త గది లేదు, కొత్త కరెంటు లైను లేదు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు చోటు అక్కడి నుంచి వస్తుంది. ప్రణాళిక ప్రకారం వారానికి ఆరు గడులు వదులుకోవడానికి వెనకాడుతున్నాం. ఒక మెషీన్ మూలన పడితే వారానికి 18 గడులు పోతున్నాయి, అది మనకు లెక్కలోకే రావడం లేదు.

మరి ఆరు రోజులు ఎక్కడ పోతున్నాయి? ఇది దగ్గరగా చూడాలి. ఒక యూనిట్ లాగ్‌బుక్, ఫోన్ల వివరాలు పక్కపక్కన పెట్టి చూశాను. సోమవారం రెండో షిఫ్టులో కండక్టివిటీ అలారం వచ్చింది, అంటే ద్రావణంలో లవణాల పాళ్లు తప్పాయని మెషీన్ హెచ్చరిక. టెక్నీషియన్ క్యాన్లు మార్చి చూశాడు, ఆగలేదు, పేషెంటును వేరే మెషీన్‌కు మార్చాడు. చేయాల్సిందే చేశాడు. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్‌కు చెప్పాడు, ఆమె పుస్తకంలో రాశారు. మంగళవారం మధ్యాహ్నం కంపెనీకి ఫోను వెళ్లింది. ఇంజినీరు గురువారం వచ్చాడు. విప్పి చూసి, భాగం కావాలన్నాడు. భాగం శనివారం సాయంత్రం వచ్చింది. ఆదివారం బిగించాడు. ఇంతకీ లోపం ఏమిటి? పార్ట్ బి పీల్చుకునే నాజిల్ దగ్గర ఉండే చిన్న రబ్బరు రింగు. అరిగిపోయి గాలి లాగుతోంది. గాలి కలిసేసరికి ద్రావణం పలచబడింది, కండక్టివిటీ పడిపోయింది, మెషీన్ అలారం కొట్టింది. మెషీన్ తన పని సరిగ్గానే చేసింది, పేషెంటును కాపాడింది. రింగు మార్చి, కండక్టివిటీ మీటరుతో సరిచూడడానికి గంటకు కాస్త ఎక్కువ పట్టింది. ఆరు రోజుల్లో మనిషి చెయ్యి పని చేసింది ఆ గంట. మిగతాదంతా ఎదురుచూపు.

అంటే రిపేరు కూడా ఒక సేవా ప్రక్రియే. పేషెంటు దారిని గీసినట్టే మెషీన్ దారినీ గీయండి. గమనించడం, తెలియజేయడం, ఇంజినీరు రావడం, లోపం కనిపెట్టడం, భాగం రావడం, బిగించడం, పరీక్షించడం. ఒక్కో గడి కింద గంటలు వేయండి. ఏ గడిలో ఎక్కువ గంటలున్నాయో అక్కడ పట్టుకోండి. ఆ యూనిట్‌లో నేర్పరి ఇంజినీరు కొరత లేదు. రబ్బరు రింగుల ప్యాకెట్ ఒకటి అలమరలో లేకపోవడం, అలారం రాగానే ఫోటో తీసి పంపే అలవాటు లేకపోవడం, ఈ రెండే ఐదు రోజులు తిన్నాయి.

సరే, అయితే సర్వీసులు ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదా? చాలా మంది అవునంటారు. ఒక యుద్ధకాలపు సంగతి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో తీరరక్షణ విభాగం జలాంతర్గాముల కోసం సముద్రం మీద గాలించేది. విమానాలకు 50 గంటలు ఎగిరాక తప్పనిసరి తనిఖీ. వాడింగ్టన్ అనే జీవశాస్త్రజ్ఞుడు, తన బృందంతో లెక్కలు తీశారు. తనిఖీ తర్వాత లోపాలు తగ్గాలి కదా? తనిఖీ అయిన వెంటనే లోపాలు పెరిగాయి. ఎగిరే కొద్దీ తగ్గాయి. బాగున్నదాన్ని విప్పి మళ్లీ బిగించడంలోనే కొత్త లోపాలు పుడుతున్నాయని తేల్చారు. తనిఖీల తీరు మార్చాక ఆ విమానాలు ఎగిరిన గంటలు దాదాపు 60 శాతం పెరిగాయి.

పౌర విమానాల్లోనూ అదే తేలింది. నౌలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు 1978లో ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి, ఇన్ని గంటలకు మార్చేయాలి అనే వయసు పరిమితి వల్ల ప్రయోజనం లేదు. వయసుతో అరిగేవి మిగతా 11 శాతమే. మన మెషీన్లకు అవే శాతాలు వర్తిస్తాయని నేను అనడం లేదు. ఆలోచించే పద్ధతి మాత్రం తీసుకుందాం.

మన దగ్గర వయసుతో పోయేవి ఏవి? మెషీన్ లోపలి బ్యాటరీ. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు బ్లడ్ పంపును తిప్పేది అదే. అది చచ్చిందని కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది, అప్పుడు టెక్నీషియన్ పంపును చేత్తో తిప్పి రక్తం వెనక్కి పంపాలి. కాబట్టి దానికి తేదీ వేసి మార్చాల్సిందే. రబ్బరు రింగులు, ఫిల్టర్లు కూడా అంతే, మెషీన్ గంటల మీటరు చూసి మార్చాలి. కండక్టివిటీ, ఉష్ణోగ్రత, పీడనం చూపే సెన్సార్లను మాత్రం విప్పకండి, బయటి మీటరుతో కొలిచి చూడండి. తేడా వస్తేనే ముట్టుకోండి. పార్ట్ బిలోని బైకార్బొనేట్ పొర పట్టకుండా సిట్రిక్ యాసిడ్‌తో కడగడం టెక్నీషియన్ రోజువారీ పని, దానికి ఇంజినీరు రానక్కర్లేదు. వార్డులో టీవీ, ఫ్యాను? పోయినప్పుడు బాగు చేయించండి. అన్నిటినీ ఒకే చెక్‌లిస్టులో వేసి, అన్నిటికీ ఒకే టిక్కు పెడితే ప్రాణం నిలిపేదానికీ గాలి విసిరేదానికీ తేడా పోతుంది.

ఇక ఆర్‌ఓ ప్లాంటు. దీని మీద కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను, ఓపిక పట్టండి. ఒక మెషీన్ ఒక రోజంతా ఆగితే మూడు సెషన్లు పోతాయి. ఆర్‌ఓ ప్లాంటు ఒక్క షిఫ్టు ఆగితే? పది. రోజంతా ఆగితే 30. పది మెషీన్లకూ అది ఒక్కటే. ఒక మెషీన్ నిమిషానికి 500 మిల్లీలీటర్లు వాడుతుంది, నాలుగు గంటలకు 120 లీటర్లు. మనం తాగే నీరు కడుపులోకి వెళ్తుంది. ఈ నీరు పలచటి పొర అవతల రక్తాన్ని ఆనుకుని పారుతుంది. ఒక మనిషి వారంలో 360 లీటర్ల నీటికి తన రక్తాన్ని అప్పగిస్తున్నాడు. మరి మీ యూనిట్లలో ప్లాంటు ఎవరి బాధ్యత? మెషీన్లకు కంపెనీ ఉంది, ప్లాంటుకు చాలా చోట్ల అటెండరే దిక్కు. నిజమేనా కాదా? తలలూపుతున్నారు.

1996లో బ్రెజిల్‌లో కరువారు అనే పట్టణంలో ఒక డయాలసిస్ కేంద్రంలో 50 మందికి పైగా పేషెంట్లు చనిపోయారు. రిజర్వాయరు నుంచి ట్యాంకర్లలో తెచ్చిన నీరు సరిగా శుద్ధి కాలేదు, అందులో నాచు విషం ఉంది. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీసింది. మెషీన్లు బాగానే తిరిగాయి. ఆ కరువారుకూ మనకూ సంబంధం ఏమిటంటారా? ట్యాంకరు. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండిపోతే మన ఆసుపత్రులకు నీరు ఎలా వస్తోంది? ట్యాంకర్లలోనే కదా. నీటి మూలం మారిన రోజు ప్లాంటు పట్టిక కూడా మారాలి. ఆ రోజు నుంచి క్యాట్రిడ్జ్ ఫిల్టర్లు త్వరగా నిండుతాయి. గట్టి నీరైతే సాఫ్ట్‌నర్‌కు ఉప్పు ఎక్కువ కావాలి. ట్యాంకరు వాళ్లు క్లోరిన్ ఎక్కువ వేస్తే కార్బన్ ఫిల్టర్ త్వరగా అలసిపోతుంది. క్లోరమైన్ అనే క్లోరిన్ సమ్మేళనం దాన్ని దాటి వచ్చిందంటే పేషెంటు ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

అందుకే కార్బన్ ఫిల్టర్ తర్వాత నీటిలో క్లోరిన్ పరీక్ష ప్రతి షిఫ్టుకు ముందు చేయాలి. రోజుకు ఒకసారి కాదు, షిఫ్టుకు ఒకసారి. పరీక్ష గొట్టం, చుక్క మందు, రంగు చూడడం. ఐదు నిమిషాల పని. ఆ పరీక్ష చేసిన వాళ్లు సంతకం పెట్టాకే మొదటి జతను పిలవాలని మీ చార్టులో గీయండి. గీతకు కింద ఉన్న గడి నుంచి పైకి ఒక బాణం వేయండి. నిర్వహణ పనిని సేవలో ఒక మెట్టుగా పెట్టడం అంటే అదే. అది కాకపోతే తర్వాతి మెట్టు ఎక్కడానికి వీల్లేదు. ప్లాంటు పెద్ద సర్వీసు ఆదివారమే చేయించండి. పంపు మాత్రం రెండోది ఉండాలి. మెషీన్ స్పేరు అడిగితే నేను లెక్క వేసి వద్దన్నాను. ప్లాంటు పంపు విషయంలో ఆలోచించాల్సింది ఏమీ లేదు, కొనండి.

సూపరింటెండెంట్ గారూ, ఈ మాట మీకు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో వైద్య పరికరాల నిర్వహణ కార్యక్రమం మొదలైనప్పుడు లెక్క తీస్తే, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయకుండా పడి ఉన్నాయి. ఆ తర్వాత జిల్లా ఆసుపత్రుల్లో 95 శాతం సమయం పరికరాలు నడవాలని షరతు వచ్చింది. మంచిదే. కానీ 95 శాతం అంటే ఏడాదికి ఒక్కో మెషీన్ 18 రోజులు ఆగినా షరతు నెరవేరినట్టే. ఆదివారాలు తీసేసినా 40కి పైగా సెషన్లు. ఆ 18 రోజులు వరుసగా వచ్చాయా, విడివిడిగా వచ్చాయా? సోమవారాలా, బుధవారాలా? శాతంలో అది కనిపించదు. అందుకే నెల నివేదికలో శాతంతో పాటు ఇంకొక వరుస అడగండి. వాయిదా పడిన సెషన్లెన్ని, వాటిలో పెద్ద విరామం తర్వాత రావాల్సినవెన్ని.

కాంట్రాక్టు సంగతి కూడా చెప్పి ముగిస్తాను, భోజనాల వేళ అయింది. నిర్వహణ ఒప్పందం మళ్లీ రాసేటప్పుడు మూడు విషయాలు చూడండి. గడియారం ఎప్పుడు మొదలవుతుంది? ఇంజినీరు వచ్చినప్పటి నుంచి కాదు, అలారం ఫోటో పంపిన నిమిషం నుంచి లెక్క వేయాలి. రెండోది, తరచూ పోయే భాగాలు, అంటే రింగులు, ఫిల్టర్లు, బ్యాటరీ, ఒక సెన్సారు మీ అలమరలో ఉండాలి. వాడినప్పుడే డబ్బు చెల్లించే ఏర్పాటు అడగండి. మూడోది, ప్రణాళిక సర్వీసు తేదీలు కంపెనీ వీలును బట్టి కాకుండా మీ మూడో షిఫ్టు ఖాళీ గడులను బట్టి ఉండాలి. సాయంత్రం ఐదు తర్వాత రావడం ఇష్టం లేకపోతే ఆ మాట టెండరు సమయంలోనే చెప్పనివ్వండి.

మీ ఫైళ్లలో ఒక ఖాళీ పట్టిక ఉంది. నిలువుగా వారంలో రోజులు, అడ్డంగా మూడు షిఫ్టులు, పది మెషీన్లు. భోజనం తర్వాత ఒక్కో యూనిట్ నుంచి ఒక సిస్టర్, ఒక టెక్నీషియన్, ఒక ఇంజినీరు ఒకే బల్ల దగ్గర కూర్చుని మీ సొంత పేషెంట్లతో దాన్ని నింపండి. పేర్లతో, ఊళ్లతో. మూడో షిఫ్టులో మెషీన్‌కు గడి ఎక్కడ పెట్టారో నేను ఒక్కొక్క బల్ల దగ్గరికి వచ్చి చూస్తాను.